ఆవిరి బరువు

చీరలకు ముందుగానే కుచ్చిళ్ళు పెట్టి ఇవ్వడం నా పని.
మడతలు దిద్ది, క్లిప్పులు కరిపించి,
అట్టపెట్టెలో పడుకోబెట్టి పంపుతాను.
మండపేట నుంచి అంతర్వేది దాకా
ఎక్కడ సన్నాయి మోగితే అక్కడ నా సంచి.

సంచిలో పదేళ్ళూ ఇస్త్రీపెట్టే ఉండేది.
రాజోలు బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే
ఎవరి పిల్లాడో నిద్రపోయినంత బరువు.
పోయిన మాఘంలో, మురమళ్ళలో,
ముహూర్తానికి గంట ఉందనగా
ఉప్పాడ పట్టు మీద అది ఒక్క క్షణం ఆగింది.
వేలిగోరంత మచ్చ. ముదురుపాకం రంగు.
కుచ్చిళ్ళ లోపలికి తోసేశాను.
తలంబ్రాలు పడ్డాయి, బంతులు లేచాయి,
ఎవరూ చూడలేదు.
నాకే, పూతరేకు పొర విప్పినా ఆ మచ్చే కనబడేది.

జ్యేష్ఠం ఎండలో అమలాపురం వెళ్ళాను.
గాలే సగం ఆవిరిగా ఉన్న ఊళ్ళో
ఆవిరిని కొనడానికి.
"చేత్తో పట్టుకునే స్టీమరండి. పదిహేను వందలు దాటకూడదు."
"ఆయ్, కూర్చోండి" అని బుల్లెబ్బాయి గారు
అటక మీంచి నాలుగు దించారు.

గులాబీరంగుది ముద్దుగా ఉంది,
పొట్టలో పట్టేది టీ గ్లాసుడు నీళ్ళు.
పమిట సగమయ్యేసరికి దాహమంటుంది.
నల్లటిది నిమిషంలో బుసకొడుతుంది గానీ
అన్ని వాట్లకి లాడ్జిలో ఫ్యూజు ఎగిరి
మేనేజరు తలుపు కొడతాడు.
మూడోది అన్నిటికంటే చవక. వంచి చూశాను, ఉమ్మింది.
పట్టు మీద పడ్డ నీటిచుక్కకి
నష్టపరిహారం కట్టేది నేనే కదా.
నాలుగోది తెల్లటిది, మొహంలో ఏ కళా లేదు.
తీగ మాత్రం మంచం దాటి వస్తుంది,
బోర్లించినా నోరు జారదు.

నా పమిటచెంగు పిడికిట్లో నలిపి
"దీని మీద చూపించండి" అన్నాను.
కుర్రాడు చెంబుతో పంపునీళ్ళు తెచ్చాడు.
"ఆ నీళ్ళు వద్దు బాబూ!"
ఇటు గౌతమి, అటు వసిష్ఠ, నడుమ వైనతేయ,
కింద సముద్రం.
ఇన్ని నీళ్ళ మధ్య దీనికి తాగించడానికి నీళ్ళు లేవు.
మా బోరునీళ్ళకి అన్నంగిన్నే సున్నం పూసుకుంటుంది,
ఈ చీమ కన్నాలెంత?

ఫ్రిజ్‌లోంచి సీసా నీళ్ళొచ్చాయి.
ముడత మెల్లగా, అలక తీరినట్టు, విప్పుకుంది.
ఆ వాసనకి అమ్మ గుర్తొచ్చింది.
గంజి వారుస్తూ ఆ పొగ మీదే
నా స్కూలు ఓణీ అటూ ఇటూ ఊపేది.
మా ఇంట్లో మొదటి స్టీమరు
మూకుడు పెట్టిన అన్నపు తపేలా.

పదమూడు వందల యాభైకి బేరం తెగింది.
ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, వానలుంటాయి.
డాబా మీద బిందెలు పరిచి,
మొదటి వాన వదిలేసి, రెండోది పట్టి,
పాతచీర గుడ్డలో వడగట్టి సీసాలకెత్తాను.
శ్రావణమంతా ఆషాఢాన్ని కాచి
చీరల మీదకి ఊదాను.
సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడు
సంచి తేలికై, ఏదో మరిచిపోయానని
రెండుసార్లు వెనక్కి చూశాను.

కార్తీకంలో మురమళ్ళ నుంచి ఫోను.
ఆ పెళ్ళికూతురే, వీరవేణి. ఏడోనెల సీమంతం.
"ఆ చీరే కట్టుకుంటానండి, రండి."

ఆవిరి ముడత తీస్తుంది, మచ్చ తియ్యదు.
పెట్టె మీద ఈ మాట అచ్చు వెయ్యరు.
చీర కొక్కేనికి తగిలించి, కింద నుంచి పైకి
ఊదుకుంటూ వచ్చి
ఆ చోట చెయ్యి ఆపాను.
"ఇది నేను కాల్చిందే, అమ్మా."

వీరవేణి పొట్ట పట్టుకుని నవ్వింది.
"హారతి కర్పూరం పడిందనుకుని
మా అత్తగారు ఇన్నాళ్ళూ
కళ్ళకద్దుకుంటున్నారండీ!"

"చెప్పమంటావా?" అన్నాను.
"ఆయ్, ఇప్పుడెందుకండీ" అంది.
నా చేతిలో తెల్లటిది
ఉండబట్టలేక ఒకసారి బుస్సుమంది.