పదకొండో వార్డు

రింగురోడ్డు కిందినుంచి దూరి అవతల తేలితే
మా పదకొండో వార్డు మొదలవుతుంది.
మొదలైనట్టు ఎవరికీ తెలియదు.
అదే గడ్డి. అదే గాలి.
పోయినేడు పంచాయతీ బోర్డు మీద
మున్సిపాలిటీ అని పచ్చరంగుతో రాసిపోయారు,
ఎండ వాలుగా పడ్డప్పుడు
పాత అక్షరాలు పైకొస్తాయి.

తొమ్మిది చదరపు కిలోమీటర్ల కంచ. నలభై ఒక్క గడప.
ఏడింటికి తాళం,
ఒకదానికి తాళమూ లేదు, తలుపూ లేదు.
నా సంచిలో నంబరు రేకులు, సుత్తి, మేకులు,
జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం.
ఒక రేకు కొట్టి ఇంకో రేకు కొట్టేలోపు
చెమట ఆరిపోయి మళ్లీ పడుతుంది.

"వీధి పేరు?" అంటుంది ఫారం.
కుర్మ ఈదయ్య నవ్వి
గొర్లు తొక్కిన బాట చూపించాడు.
"ఇవి యే దిక్కు పోతే అదే వీధి బిడ్డా,
వానకాలం ఒకటి, ఎండకాలం ఇంకోటి."
వీధి లేదు అని రాశాను.
నాకే నచ్చక
పక్కన, మారుతుంటుంది, అని చేర్చాను.

"పొరుగిల్లు?"
బుగ్గమ్మ నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది.
దూరంగా, గడ్డి అంచు మీద
ఆవగింజంత పొగ.
"ఖైసర్‌బీ ఇప్పుడు రాజేసింది పొయ్యి.
ఆలిశం అయింది, మోకాళ్లు పట్టేసినయేమో."
రెండు మైళ్ల అవతలి మోకాళ్ల నొప్పి
ఈమెకు పొగలో కనిపిస్తుంది.
మెహదీపట్నంలో మా గోడకవతల ఎవరుంటారో
కుక్కర్ కూతల లెక్క తప్ప
నాకేమీ తెలియదు.

దీపస్తంభం ఒకటి వేశారు ఇక్కడ, వీధి లేని వీధిదీపం.
దాన్ని ప్రారంభించడానికి కౌన్సిలరు
చప్పట్లు కొట్టేవాళ్లను ట్రాలీలో తెచ్చుకున్నాడట.
ఇప్పుడు పురుగులొస్తాయి,
పురుగుల వెనక ఒక గుడ్లగూబ.

తూర్పున అద్దాల మేడలు,
పంక్తి లేచేదాకా వెనక నిలబడ్డవాళ్లలాగా
విస్తరి వైపే చూస్తూ.

నడుస్తుంటే తీతువు నెత్తి మీద తిరిగి తిట్టిపోసింది.
కాలు గాలిలోనే ఆపాను:
గులకరాళ్లలో గులకరాళ్లలాంటి మూడు గుడ్లు.
గోడ లేదు, పైకప్పు లేదు.
నా దగ్గర ఒక రేకు మిగిలే ఉంది.
మేకు దిగే చోటే లేదు.

ఆఖరి గడిలో "ఖాళీ స్థలం ఎంత?" అని.
పెన్ను పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను.
సారు మర్నాడు తనే నింపుకున్నాడు,
నాలుగంకెల ఎకరాలు, చక్కటి దస్తూరిలో.

రాత్రి చీరంచు నుంచి సూదిగడ్డి గింజలు ఏరుతూ కూర్చున్నా.
తడి తగిలితే ఇవి మెలితిరిగి
తమంతట తామే నేలలోకి దిగుతాయని చెప్పింది బుగ్గమ్మ.
నమ్మలేదు.
ఒకటి బకెట్ పక్కన తడిలో పడింది.
మూడో అంతస్తు, తెల్లటి టైల్స్.
మెల్లగా
తిరగడం మొదలుపెట్టింది.