వూచ్ అంటే పడవ

వూచ్ అంటే మా భాషలో పడవ.
ఊరి పేరు చెప్పగానే వార్సా పిల్లలు నవ్వేవాళ్ళు,
నది లేని ఊళ్ళో పడవేంటని.
నది ఉంది. మిల్లుల రంగులు మోసి మోసి
ఓ రోజు ఎర్రగా, ఓ రోజు నీలంగా పారిందట.
కంపు భరించలేక గొట్టాల్లో దించి
పైన వీధి పరిచేశారు.
దాని నెత్తిమీదే నడిచి కాలేజీకి వెళ్ళేవాళ్ళం.

తొంభై మూడు. నేను చేరింది నేత ఇంజనీరింగ్‌లో.
చేరిన నెలకే రెండు మిల్లులు మూతపడ్డాయి.
మా ప్రొఫెసరు మాత్రం బోర్డు మీద
పడుగూ పేకా గీస్తూనే ఉన్నాడు,
తప్పిపోయిన పెళ్ళికి శుభలేఖలు పంచుతున్నట్టు.

హాల్ష్కా, నేను అద్దెకున్నది
కార్మికుల ఎర్ర ఇటుకల వరసలో.
గదిలో బొగ్గు పొయ్యి, పెరట్లో మరుగుదొడ్డి.
మంచు రాత్రి తోడు రమ్మంటే
మర్నాటి బొగ్గు మొయ్యాలి. అదీ ఒప్పందం.

కింది వాటాలో స్తెఫ్కా అవ్వ.
ముప్ఫై ఏడేళ్ళు మగ్గాల మధ్య నిలబడి
చెవులు మిల్లుకే ఇచ్చేసి వచ్చింది.
ఆ హోరులో ఆడవాళ్ళంతా
పెదవులతోనే ముచ్చటించుకునేవారట:
ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఎవరికి నెల తప్పిందో,
మేస్త్రీ ఎదుటే, వాడికి అంతు చిక్కకుండా.
మాకూ నేర్పింది, ఆదివారాలు, బంగాళదుంపలు చెక్కు తీస్తూ.
"నోరు అంత పెద్దగా తెరవకు,
మగాళ్ళు అరిచినట్టుంటుంది" అనేది.

పరీక్ష హాల్లో ఆ విద్య ఎంత పనికొచ్చిందో
ఇప్పుడు చెప్పినా పర్లేదు.
నూలుపోగు బలం లెక్క
హాల్ష్కా పెదవుల మీంచి నా కాగితం మీదికి దిగింది,
తప్పుతో సహా.

ఆ ఊరంటే ఇష్టమని ఒక్కనాడూ అనుకోలేదు.
మసి. ఆరేసిన బట్టల మీద మసి,
ట్రాము అద్దం మీద వేలితో రాసిన పేర్ల మీద మసి.
"ఇక్కడేముంది" అన్నది మా ఊతపదం.
పట్టా చేతికి రాగానే ఆమె గ్దాన్‌స్క్, నేను వ్రోత్స్వాఫ్.
వెళ్ళే రోజు అవ్వ గుమ్మంలో నిలబడి ఏదో అంది.
ట్రాము వచ్చేస్తోందని
ఆమె మొహంకేసి చూడలేదు నేను.
ఆవిడ మాట వినాలంటే చూడాలని తెలిసీ.

మొన్న అక్టోబరులో వెళ్ళాను.
మిల్లు ఫ్లాట్లయింది. ఇటుకలు కడిగారు,
అవి ఇంత ఎరుపని నాకు తెలీదు.
మరుగుదొడ్డి ఉన్న చోట కాఫీ, పద్దెనిమిది జ్లోతీలు.
నదిని మళ్ళీ పైకి తెస్తారట, ఓ వీధి తవ్వి పెట్టారు.

గాజు తలుపు అవతల ఇద్దరు అమ్మాయిలు,
మధ్యలో ఒకటే గిన్నె సూపు, రెండు చెంచాలు.
మాట వినబడదు. చదివాను.
"ఇక్కడేముంది."

నవ్వొచ్చింది. గాజు తట్టబోయి మానేశాను.
అందులో నా మొహం కూడా ఉంది,
దాని పెదవులు కదులుతున్నాయి,
నోరు పెద్దగా తెరవకుండా.
ట్రాము వచ్చింది.
పోనిచ్చాను.