గుడ్డులో పట్టేవి

రాత్రి పదకొండు.
డుల్యూత్‌లో ఏప్రిల్ అంటే
ఏ ఋతువు పక్షమో ఇంకా తేల్చుకోని నెల.
వంటగది బల్ల మీద నలభై ఎనిమిది ప్లాస్టిక్ గుడ్లు,
నడుము దగ్గర టక్కున విడిపోయే రకం,
డజను డాలరుంపావు.

ఈ ఈస్టర్‌కి మిఠాయి వద్దన్నది నేనే.
వరసలో ఏడిళ్ళూ సరేనన్నాయి.
ఒకాయన మాత్రం గొణిగాడు,
పండగని పథ్యం చేశారే అని.

మూడో ఇంటి సోరెన్‌కి ఐదేళ్ళు.
వాడి పొట్టకి అంటించిన చిన్న తెల్ల బిళ్ళ,
వాళ్ళమ్మ ఫోన్‌లో రోజంతా ఒక అంకె.
పోయినేడు ఏరిన గుడ్లన్నీ
బుట్టతో సహా తెచ్చి ఆమెకిచ్చేశాడు,
అడక్కుండానే.
ఏడ్చినా బాగుండేది.

సరే, పట్టేవేమిటి?
పళ్ళ బ్రష్ పట్టదు, కొలిచాను.
మేజోడు పడుతుంది, జత కాదు, ఒక్కటే.
రెండోది ఇంకో గుడ్డులో పెట్టాను,
దొరికినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వెతుక్కుంటారని.
ముల్లంగి గింజలు పన్నెండు, కాగితంలో మడిచి
పైన రాశాను: మంచు పోయాక.
నేల మీద గీసుకునే సుద్ద, సగానికి విరిస్తే.
బొటనవేలంత టార్చి, బ్యాటరీ మూతకి స్క్రూ ఉన్నదే,
ఆ బిళ్ళ బ్యాటరీ నోట్లోకి పోతే
మిఠాయే నయమనిపిస్తుంది.
చివరింటి పాపకి ఇంకా రెండేళ్ళు నిండలేదు,
ఆమెవి పసుపుపచ్చ గుడ్లు,
వాటిలో మేజోళ్ళు తప్ప ఇంకేం లేవు.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే,"
అన్నాడు విప్లవ్, ఆవలిస్తూ.
"ఈకల సంగతి తర్వాత, ముందీ మూత నొక్కు."

నిజానికి నా చేతులే నా మాట వినడం లేదు.
పండగంటే నోరు తీపి చేసుకోవడమని పెరిగాను,
తాడేపల్లిగూడెంలో మా వీధి పిల్లల చేతులు
ఆ రోజంతా జిగటగానే ఉండేవి.
ఇప్పుడు రెండుసార్లు లేచి
చక్కెర డబ్బా దాకా వెళ్ళి
ఊరికే మూత బిగించి వచ్చాను.

మిగిలిన గుడ్లలో చీటీలు.
ఈ రాత్రి పావుగంట ఆలస్యంగా పడుకోవచ్చు.
వంతెన పైకి లేచి, ఓడ కూత పెట్టి,
సరస్సులోకి పూర్తిగా వెళ్ళిపోయేదాకా
నిలబడి చూడొచ్చు,
"ఇక పద" అని ఎవరూ అనకూడదు.

తెల్ల గుడ్ల డజను విప్లవ్‌కి వదిలేసి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి మూడంగుళాల కొత్త మంచు.
తెల్లవి కొనడం నా బుద్ధితక్కువ.
పిల్లలు బూట్లతో తన్నుకుంటూ వెతికారు,
గెలుచుకున్న టార్చీలు వేసుకుని
పట్టపగలు పొదల కింద.

సోరెన్‌కి నీలం మేజోడు దొరికింది.
దాన్ని జెండాలా ఊపుతూ
ప్రతి తలుపూ కొట్టాడు.
జోడు మా హవిష దగ్గరుంది. ఇవ్వనంది.
వాడూ ఇవ్వనన్నాడు.
కాసేపు ముక్కులు ఎగబీల్చుకుంటూ చూసుకుని
చెరోటి చేతికి తొడుక్కున్నారు,
ఆ చేతుల్తోనే మంచుముద్దలు చేశారు.
వాళ్ళమ్మ ఫోన్ ఒకసారి మోగింది.
చూసింది, జేబులో పెట్టుకుంది,
కాఫీ చల్లారేలోపే తాగింది.

సాయంత్రం లెక్కపెడితే నలభై అయిదు.
మూడు తెల్లవి కంచె వారనెక్కడో ఉన్నాయి,
మే నెల్లో బయటపడతాయి కాబోలు.
"వాటిలో ఏం పెట్టావు?" అనడిగితే
విప్లవ్
బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.