ఇస్తిరి లెక్క

సల్మానియా దవాఖాన వెనక గల్లీల
మా లాండ్రీకి రాత్రి తొమ్మిదింటికి తెల్లకోట్ల మూటలొస్తయి.
పదకొండేండ్ల సంది నేను కోట్లల్లనే ఉన్న.
ఊర్లె ఎవలన్న అడిగితే గదే చెప్త:
బహ్రెయిన్ల దినాం కోట్లు మడతపెడుతున్న అని.
నవ్వుతరు. నేను గూడ నవ్వుత.

పది దాటినంక చేసే ఒక్కో కోటుకు
నా చేతికి యాభై ఫిల్సు, మన పైసలల్ల పదకొండు రూపాయలు.
రవళి నీట్ ర్యాంకు వచ్చి
సర్కారు సీటు కొద్దిల తప్పిన కాడికెల్లి
ఇస్తిరిపెట్టె ఆవిరిల గుణకారాలు కనవడ్తున్నయి.
మనకాడ మేనేజుమెంటు సీటు, ఏడాదికి పన్నెండు లక్షలు.
అంటే లక్షా తొమ్మిది వేల కోట్లు,
ఒక్క ఏడాదికి.
ఈ దీవి మీదున్నోళ్లందరు డాక్టర్లయినా
అన్ని కోట్లు మాయవు.

జార్జియా అయితే ఆరేండ్లకు ముప్పై లక్షలన్నడు
మెట్‌పల్లి కన్సల్టెన్సీ పిలగాడు.
హాస్టలు, మెస్సు, విమానం టికెటు,
చలికోటు గూడ కలిపి.
చలికోటు అన్నకాడ నా చెయ్యి ఆగింది.
ఇంకో కోటా అని.

సుగుణ ఫోన్ల అంటది:
పండ్ల డాక్టరు సీటు ఇక్కడ్నే తక్కువకు వస్తదట,
పండ్లయితేంది, డాక్టరే గదా.
రూముల గంగాధర్ అంటడు:
నర్సు చదివియ్యి అన్నా, చదువు ఒడిసినంక ఇక్కడికే వస్తది.
ఎవ్వలూ తప్పు చెప్తలేరు.
గదే కష్టం.

నరహరి సారు దవాఖానల ఇన్సూరెన్సు కౌంటర్ల కూసుంటడు.
ఎప్పుడొచ్చినా నీలి అంగీలే తెస్తడు.
ఈ సోమవారం ఒక తెల్లకోటు తెచ్చిండు.
జేబు మీద పేరు, నాకు తెలవని లిపిల కుట్టి ఉన్నది.
మడతలు పడ్డ జాగలల్ల పసుపుబారింది.
ఇది ఎక్కడ తొడుగుతరు సార్ అన్న.
తొడగను, పెట్టెల ఉంటది, అన్నడు.

బిష్కెక్‌ల చదివిండట.
మనకాడి పరీక్ష మూడుసార్లు రాసిండట,
నాలుగోసారికి ఫీజు ఉన్నది గని మనసు లేకుండె.
చదువు మంచిగనే చెప్పిండ్రు అన్నడు,
గుండెకాయ ఏ దేశంల కోసినా నాలుగే గదులు.
గని వార్డులల్ల,
'ఎక్కడ నొస్తున్నది' అని అడుగుడు నేర్చుకున్న,
వాళ్లు చెప్పే జవాబు సమజ్ కాకపోయేది.

గదే బిష్కెక్‌ల చదివిన ఫౌజియా డాక్టరమ్మ కోటు
ఆయన కోటు పక్క హ్యాంగరుకే ఏలాడుతున్నది.
సూడాన్ ఆమె. రాత్రి రెండింటికి గూడ
ముసలోళ్లు ఆమెనే కావాలంటరు.
జేబుల ఎప్పుడూ ఖర్జూరం గింజలుంటయి, తీసి ఉతకాలె.
ఒకే నీళ్లు, ఒకే సబ్బు.
నేను రెండు కోట్లనూ శానసేపు చూసిన.
కోట్లు ఏం చెప్పలే.

గురువారం లోపట అడ్వాన్సు కట్టాలె.

నిన్న రవళి వీడియోల వచ్చింది.
నేను లెక్కల కాయితం కెమెరాకు పట్టిన.
అది చూడలే.
బాపూ, ఫోను కిందికి వంచు, కాళ్లు చూపెట్టు అన్నది.
ప్యాంటు పైకి మడిచిన.
పిక్కల మీద నరాలు పురికోసల లెక్క లేచి ఉన్నయి.
దినాం ఎన్ని గంటలు నిలబడ్తవ్?
పద్నాలుగు అనబోయి పది అన్న.
ఎక్కడ నొస్తున్నది, బాపూ?

అడుగుడు వచ్చింది బిడ్డకు, ఏ దేశం పోకముందే.
జవాబు చెప్పుడు నాకే రాలే.
లైను మంచిగ లేదు బిడ్డా అన్న.

నరహరి సారు కోటు మూడుసార్లు నానబెట్టిన.
పసుపు పోలే, జర తగ్గింది.
ఆయన దగ్గర పైసలు తీసుకోబుద్ధి కాలే.
బిల్లు లేకుంటే మా కోయా సేటు ఊకోడు,
నా జేబులకెల్లి మూడు వందల ఫిల్సు గల్లల ఏసిన.

లెక్కల ఇంకో ఆరు కోట్లు పెరిగినయి.