వదులు

సీతాఫల్‌మండిలో మూడో అంతస్తు మీద రేకుల గది.
పగలంతా పళ్ళ సెట్లు చేసే ఈ చేతులు
రాత్రి తొమ్మిది దాటాక గూడ్సు బండి నడుపుతాయి.
ఆరడుగుల బల్ల, రెండు పట్టాల యార్డు.
దవడ అచ్చులు పోయగా మిగిలిన సుద్ద గుట్టయింది,
చిగుళ్ళ గులాబి మైనం గేటుమన్ గుడిసెకి కప్పయింది.

వ్యాగన్లు తొమ్మిది, ఒక్కోటీ అగ్గిపెట్టెకి అన్నంత.
గుండుసూది వంచి చేసిన కొక్కేలు,
వాటి కింద వేలాడే ఇనుప తీగ, దోమ కాలంత.
విడదీయాలంటే ఇన్నాళ్ళూ సన్నటి పుల్ల దూర్చేదాన్ని.
దూర్చిన ప్రతిసారీ ఏదో ఒకటి బోర్లా పడేది,
ఆ ఊరికి నా చెయ్యే ఒక తుఫాను.

అందుకని అయస్కాంతాలు.
కోఠీ గుజరాతీ గల్లీలో, పాత స్పీకర్లు విప్పే కొట్లో,
చొక్కా గుండీలంత బిళ్ళలు, జత ఇరవై.
బస్సు దిగేదాకా సంచిలో
నా తాళాల గుత్తిని పట్టుకుని వదల్లేదు.

స్లీపర్లు గీకి, పట్టాల లోపలి అంచున చెరొకటి పాతి,
బూడిదరంగు పూసిన ఉప్మారవ్వ పైన కంకరగా చల్లాను.
ఇక చెయ్యి అక్కర్లేదు.
బండి అక్కడికి రాగానే తీగలు చెరో పక్కకీ తిరగాలి,
కొక్కెం విడిపోవాలి.

విడిపోలేదు.
నెమ్మదిగా నడిపాను, జోరుగా నడిపాను,
ఇంకో జత పాతాను. ఇనుప ఇరుసున్న వ్యాగనొకటి
అక్కడ కాస్త తటపటాయించింది, అంతే.
తొమ్మిదీ కలిసే వెళ్ళిపోయాయి,
ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్న బడిపిల్లల్లా.

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. దస్తగిరి తాత.
సనత్‌నగర్ యార్డులో ముప్పై రెండేళ్ళు షంటింగ్.
ఆ కింది వరస పళ్ళు నేను చేసినవే.
లోపలికి రాడు. ఎడమ భుజం కింద పేస్‌మేకర్,
అయస్కాంతాలకి దూరమని చీటీ మీద రాసిచ్చారట.
ఇంత చిన్న బిళ్ళలకి జానెడు దూరం చాలు తాతా అంటే
"నా గుండెకు జానెడు లెక్క తెల్వది బిడ్డా" అని
గడప అవతలే స్టూలేసుకున్నాడు.

"గుంజుకుంటా పోతే ఎట్ల ఊడ్తది?
బిర్రుగున్న కొక్కేన్ని దేవుడొచ్చినా ఇడిపియ్యలేడు.
ఆపు. ఇంజన్ని జర ఎనకకు రానీయి.
బఫర్‌కు బఫర్ ఆనాలె. అప్పుడు లింకు వదులైతది.
మేం నడుమల దూరి ఎత్తేది గప్పుడే.
గా గప్పుడు ఎంతసేపనుకున్నవ్? ఒక తుమ్మంత."

ఆ తుమ్మంతసేపట్లో ఏమేం జరిగేవో
ఆయన చెప్పలేదు, నేనడగలేదు.
కింద ఎంఎంటీఎస్ వెళ్ళింది. గుట్ట మీంచి కాస్త సుద్ద రాలింది.

తాత అరచేతిని నేలకి సమంగా చాచి
మెల్లగా తనవైపు లాక్కున్నాడు.
నాబ్ వెనక్కి తిప్పాను, నువ్వుగింజంత.
వ్యాగన్లు ఒకదానికొకటి ఆనుకున్నాయి,
ఉల్లిపొర చిట్లినంత చప్పుడు.
తీగలు రెండూ చెరో దిక్కుకీ జరిగాయి.
ఆయన చెయ్యి దించాడు.
ముందుకి.

ఆరు వెళ్ళాయి. మూడు ఆగాయి.

మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పు కంకర.
అంత దూరం నుంచి తాతకేం కనిపించిందో,
కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు అటే చూశాడు.
"నడుమల మనిషి లేడు" అన్నాడు.
కాసేపాగి, "మంచిదే."
మళ్ళీ ఒకసారి చెయ్యమన్నాడు. మళ్ళీ.
ఏడోసారికి లెక్క వదిలేశాను.

పదకొండున్నరకి స్టూలు మడిచాడు.
మెట్ల మలుపు చీకట్లోంచి గొంతు మాత్రం వచ్చింది:
"ఆగిన మూడిటికి బ్రేకులు కట్టినవా? దొర్లుతయ్."

నా వ్యాగన్లకి బ్రేకుల్లేవు. బల్లకి వాలు లేదు.
దీపం తీసేముందు వెళ్ళి
చివరి చక్రం కింద
బియ్యపుగింజంత గులాబి మైనం పెట్టొచ్చాను.