కూడిక గుర్తు

శ్రీకాకుళం పాత వంతెన మూడో కాలి మీద
మీటర్లూ సెంటీమీటర్లూ పెయింటేసి ఉంటాయి.
పొద్దున్న ఎనిమిదింటికి నాగావళి ఎంతుందో చూసి
రాసుకోవడం నా ఉద్యోగం.

రాసేది ఒక సాదా ఫైల్లో.
బొమ్మల్లేవు, గంట మోగదు.
అక్షరాలు, తేదీలు,
తేదీ పక్కన ఓ కూడిక గుర్తు, అంతే.
మా సెక్షను ఆఫీసులో పని మానేసిన కుర్రాడు
వెళ్తూ వెళ్తూ నేర్పి పోయాడు.

"నీటిమట్టం: చేయాలి" అని ఉంటుంది.
చూసొచ్చి "అయింది" కొడతాను.
కన్ను మూసి తెరిచేలోగా
అయింది కాస్తా మళ్ళీ చేయాలి,
తేదీ మాత్రం రేపటిది.
మొదట్లో ఒళ్ళు మండేది.
అంట్లు తోముతున్న మా ఆవిడకి చూపిస్తే
"ఇది తెలియడానికి ఫైలు కావాలా" అంది.

గుర్తుల్లో తేడా తెలియడానికి
నాకో వానాకాలం పట్టింది.
రెండు కూడికలు పెడితే
తప్పిపోయిన రోజులన్నీ దాటుకుని
ముందుకు గెంతేస్తుంది.
ఏటికి అదే సరి.
జ్వరమొచ్చి మూడ్రోజులు పడుకున్నాననుకో,
ఆ నీరు కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలిసిపోయింది,
నిన్నటి మట్టాన్ని ఇవాళ చూడడం ఎవడి తరమూ కాదు.
చుక్కా కూడికా పెడితే చేసిన రోజు నుంచి లెక్క.
గేజి గది తాళానికి నూనె వేయడం అలా పెట్టాను.
తాళానికి క్యాలెండరుతో పనేముంది,
కిందటిసారి ఎప్పుడు తడిసిందో అదొక్కటే.

ఒంటి కూడిక మాత్రం షావుకారు.
ఎగ్గొట్టిన నెలలన్నీ వరసలో నిలబెడుతుంది.
ఒకటి తీరిస్తే రెండోది గుమ్మంలోకొస్తుంది.
నా బండి కోసం అక్క కుదువబెట్టిన గొలుసు,
దాని వాయిదా అలా ఉంది.
నాలుగు నెలలది.

అక్క పాలకొండలో ఉంటుంది, ఏటికి ఎగువన.
ఆమె రాత్రి చూసిన నీరు
పొద్దున్నకి నా అంకెల దగ్గరికొస్తుంది.
"అసిరక్కకి ఫోను", ప్రతి ఆదివారం, రెండు కూడికలు.
వాయిదా కట్టకుండా ఏ మొహం పెట్టుకుని చేస్తాను?
చేయకుండానే అయింది కొట్టాను.

ఫైలు నమ్మేసింది.
ఏం మాట్లాడుకున్నారని అడగలేదు.
తేదీ, టైముతో సహా కింద ఒక వరస రాసుకుని
వచ్చే ఆదివారానికి నడిచిపోయింది.
అలా పదకొండు వరసలు.
తోటపల్లి గేట్లెత్తిన రాత్రి
గంట గంటకీ టార్చి వేసి మట్టం రాస్తూ
మధ్యలో అదొకటి, తడి వేలితో.

నిన్న పాలకొండ బస్సు కండక్టరు తవిటయ్య
బూడిదలో దాచిన పనసపిక్కలు ఓ సంచీడు చేతిలో పెట్టి
అక్క మాట అప్పజెప్పాడు:
"పెతీరోజూ ఏటి మట్టం సూత్తాడు గదా మా పోలిగాడు,
నా మట్టం కూడా ఓపాలి సూడమను."

ఇవాళ రీడింగు రాశాక కూర్చున్నాను.
సాదా ఫైలుకి మంచీ చెడ్డా ఒకటే,
ఏ అక్షరాన్నయినా చేత్తో చెరపొచ్చు.
పదకొండు వరసలూ చెరిపాను.
మొదటి అబద్ధం ఏ ఆదివారం ఆడానో
తేదీని అక్కడికి లాక్కెళ్ళి వదిలాను.
డెబ్భై ఏడు రోజుల ఆలస్యం, అంది.
ఇన్నాళ్ళకి నిజం చెప్పింది పాపం.
ఆ తరవాత
రెండు కూడికల్లో ఒకటి తీసేశాను.

అవతల ఫోను మోగుతుంటే
వంతెన మీద ఇటుకల లారీ, కాళ్ళ కింద నేలంతా వణికింది.
"ఎవులూ?" అంది అక్క, నంబరు తెలిసే.
పిక్కలు ఉడకేసినావా నేదా అంది.
గొలుసు ఊసు ఆమె ఎత్తలేదు, నేనే ఎత్తాను.
కాసేపు ఎవరమూ ఏమీ అనలేదు.
"మీ కాడికి ఎర్రనీరొచ్చిందేటి?" అంది చివరికి.
వచ్చిందన్నాను.

పెట్టేసి, అయింది కొట్టాను.
తేదీ ఒక్క వారం కదిలింది.
ఇంకా డెబ్భై రోజుల ఆలస్యం.