తడి లేని పుల్ల

ఇంజనున్న వస్తువేదీ
నాకు చెప్పకుండా నా దగ్గరికి రాలేదు ఇన్నాళ్ళూ.
ముప్పయ్యేళ్ళుగా చీపురుపల్లి చుట్టుపక్కల
నూతుల కాడ డీజిలింజన్లు తిప్పుతున్నోణ్ణి.
రెండు మళ్ళ అవతల దగ్గితే చాలు,
గాలి పట్టేసిందో, నూనె అడుగంటిందో చెప్పీగలను.

ఇది మాత్రం చప్పుడు లేకుండా వచ్చినాది.
తాటిమట్టల నెత్తి మీంచి జారి,
గోగు కోసీసిన గరువులో ఒక గెంతు గెంతి,
పోలినాయుడి గట్టుకి తన్నుకుని
ముక్కు నేలలో పెట్టి ఆగిపోనాది.
దుమ్మొక్కటే చాలాసేపు ఎగిరింది,
దాని వంతు కూడా తనే ఎగిరినట్టు.

నార ఒలుస్తున్న ఆడోళ్ళు తడిచేతుల్తోనే పరిగెత్తుకొచ్చినారు.
పదడుగుల ఇవతల అందరూ ఆగిపోనారు.
"అంటుకుంటాదిరా, ఎనక్కి రండి!"
నేను ముక్కెత్తి పీల్చినాను.
కుళ్ళబెట్టిన గోగు కంపు. చిదిగిన పచ్చిమోళ్ళ వాసన.
పెట్రోలు వాసన లేదు.
లేదు గనక భయం పోయింది.
లేదు గనకే సంగతి తెలిసిపోయింది.

నడిపినాయన నుదుటి మీది నెత్తురు తుడుచుకోలేదు.
పలక మీద ఓ ముల్లుకేసి వేలు పెట్టి
"సగం ఉందండీ" అన్నాడు నాతో,
నేనేదో బాకీ అడిగినట్టు.
"ఎదురుగాలి కొంత తినేసింది. అయినా సగం ఉందండీ."
ముల్లు సగం దగ్గరే ఉంది, నిజమే.
ఇంజను చచ్చినా అది కదల్లేదు.

పక్క సీటాయన్ని నులకమంచం మీద
రోడ్డు దాకా మోసినారు.
మోసినోళ్ళు నలుగురూ తిరిగొచ్చి
బీడీ ముట్టించకుండా కూచున్నారు.
ఎవడూ ఏటీ అడగలేదు.

అప్పుడు రెక్క మీద మూత తిప్పినాను.
గట్టు మీది మోపులోంచి ఒక గోగుపుల్ల లాగి
లోపలికి దించినాను, అడుగు తగిలీదాకా.
టక్కుమంది, రేకు మీద పుల్ల.
అరచేతికి రాసుకుంటే తడి లేదు.
రెండో రెక్కలో దించితే
కొనకి గోరంత చెమ్మ.
అది కూడా నేను మూత పెట్టీలోపు ఆరిపోనాది.

మా ఇంజన్లకీ గేజీలుంటాయి బావూ.
కొన్ని ముళ్ళు సగం దగ్గర పుట్టి
సగం దగ్గరే పోతాయి.
పని నేర్పిన మొదటిరోజునే దాలయ్య
గేజీ అద్దం మీద ఇంత బురద మెత్తీసి
చేతికి పుల్లిచ్చినాడు నాకు.

అయినా నాకూ ఓసారి ఆగింది.
గెడ్డ ఒడ్డున, అర్ధరాత్రి,
పుల్ల దించడానికి బద్ధకించి పడుకున్నందుకు.
క్యాను బుజానేసుకుని గరివిడి దాకా నడిచినాను.
తెల్లారింది, ఆకుమడి వాడింది,
నాలుగు తిట్లు తిన్నాను, అంతే.
ఆయనకి నడవడానికి దారేదీ అక్కడ?

మూడోనాటికి ఆఫీసర్లొచ్చినారు.
"మూత తియ్యమని నీకెవరు చెప్పారు?" అన్నారు.
"ఆ పుల్లేదీ?" అన్నారు.
మా ఇంటిది లోపల్నించే చెప్పింది,
"పొయ్యి రగిలించీసినాను.
ఎండుపుల్ల గదా, ఇట్టే అంటుకుంది."
వాళ్ళు అది కూడా రాసుకున్నారు.

గరువులో ఇప్పుడు ఉలవలు చల్లినాడు పోలినాయుడు.
ముక్కు దిగినచోట గొయ్యి పూడ్చలేదు,
మొన్నటి వానకి అందులో మోకాలు లోతు నీళ్ళు.
పైన ఏదైనా మోత వినిపిస్తే
పిల్లలంతా బయటికి పరిగెడతారు.
నేను తలెత్తను.
మోత ఆగితే ఎత్తుతాను.